అరవై గడులు

ఆ ఏడు మార్చి పదకొండున, బుధవారం, మధ్యాహ్నం మూడుంపావుకి సర్వే ఆగిపోయింది. ఫోనులో వచ్చిన సందేశం నాలుగు వాక్యాలు. పని వెంటనే ఆపాలి. కొత్తగా ఎవరినీ ప్రశ్నలు అడగకూడదు. అయిదింటికల్లా ఆఫీసు ఖాళీ చేయాలి. వివరాలు తర్వాత.

మాది దేశమంతటా జరిగే సర్వే. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు ఆడవాళ్లని ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లం. ఎంతమంది పిల్లలు, ఎప్పుడు పుట్టారు, ఇంకా కావాలా, వద్దనుకుంటే ఏం వాడుతున్నారు, వాడాలనుకున్నా దొరకడం లేదా. అయిదేళ్లకోసారి ఆ లెక్కలు పుస్తకంగా వస్తాయి. ఏ జిల్లాకి ఎన్ని మాత్రలు పంపాలో, ఎంతమంది నర్సుల్ని వేయాలో ఆ పుస్తకం చూసి నిర్ణయిస్తారు. డబ్బు ఒక పెద్ద దేశం ఇచ్చేది. జనవరిలో ఆ దేశంలో ప్రభుత్వం మారింది.

"అక్కడెవరో కుర్చీ ఎక్కితే ఇక్కడ మన కుర్చీలు లాగేస్తారా?" అన్నాడు మా సూపర్‌వైజరు. అప్పటికే ఆయన కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నాడు. అవి అద్దెవి.

నా ఉద్యోగం ఫీల్డ్ ఎడిటరు. అమ్మాయిలు నీలం పెన్నుతో నింపుకొచ్చిన ఫారాల్ని సాయంత్రం నేను ఎర్ర పెన్నుతో సరిచూడాలి. ఫారం చివర ఒక పట్టిక ఉంటుంది. గడిచిన అయిదేళ్లకి నెలకొకటి చొప్పున అరవై గడులు. గర్భంతో ఉన్న నెలకి 'గ', కాన్పు నెలకి 'కా', నిలవకపోయినా తీయించుకున్నా 'పో', గర్భం రాకుండా మాత్రలు వాడిన నెలకి నాలుగు అంకె, ఏమీ లేకపోతే సున్నా. ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదు. ఉంటే ఆ అమ్మాయిని మళ్లీ ఆ ఇంటికి పంపాలి.

అప్పటికి కట్టలన్నీ హెడ్డాఫీసుకి వెళ్లిపోయాయి. ఒక్కటే మిగిలింది. నలభై ఏడో క్లస్టరు, ముప్పై ఫారాలు. క్లస్టరంటే చీటీ తీసి ఎంచుకున్న ఒక ఊరి ముక్క. చీటీలో వచ్చిన ఆ ముక్క మా వీధి. తెలిసినవాళ్ల ఫారాలు చూడకూడదని నియమం. ఫిబ్రవరిలోనే సూపర్‌వైజరుకి చెప్పాను. "ఇంకో ఎడిటరు లేరమ్మా. కళ్లు మూసుకుని దిద్దెయ్" అన్నాడు. దిద్దాను. మా వదిన ఫారం అందులో పందొమ్మిదోది.

నింపిన ఫారాల్ని ఏ పరిస్థితిలోనూ కాపలా లేకుండా వదలకూడదని మా నియమాల పుస్తకంలో ఆరో పేజీలో ఉంది. ఆఫీసు తాళం ఇంటి యజమాని తీసుకున్నాడు. హెడ్డాఫీసులో ఫోను ఎవరూ ఎత్తలేదు. కట్టని సంచిలో పెట్టుకుని అయిదున్నర బస్సెక్కాను. నియమం ప్రకారమే చేశాను. ఆ ముప్పై మంది చెప్పిన మాటల్ని వాళ్ల మొగుళ్లూ అత్తలూ ఉండే వీధిలోకి నా చేత్తోనే తెచ్చాను.

*

మా ఇల్లు రెండు గదులు, ఒక వరండా. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల నాలుగేళ్ల పాప, నేను. అన్నయ్య నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. వదిన కుట్టు ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా మిషను మీద ఉంది. ఆ ఏడు ఆమెని లైను సూపర్‌వైజరు చేస్తామన్నారు. ఏడాదిలో పొడుగు సెలవు పెట్టకూడదని షరతు. గర్భంతో ఉన్నవాళ్లని దారాలు కత్తిరించే బల్లకి మారుస్తారు. అక్కడినుంచి వెనక్కి వచ్చినవాళ్లు లేరు.

అమ్మకి రెండో మనవడో మనవరాలో కావాలి. రెండేళ్లుగా వదినని ఆకుమందు ఇచ్చే ఆవిడ దగ్గరికి తీసుకెళుతోంది. వదిన ఆ కషాయం రోజూ వరండాలో నిలబడి, అందరూ చూస్తుండగా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగేది.

"ఒంటి కన్ను కన్నూ కాదు, ఒంటి బిడ్డ బిడ్డా కాదు" అనేది అమ్మ.

"అవునత్తయ్యా" అనేది వదిన, మూతి తుడుచుకుని.

పందొమ్మిదో ఫారంలో ఇలా ఉంది. పిల్లలు: ఒకరు. ఇంకో బిడ్డ కావాలా: వద్దు. కారణానికి పదకొండు జవాబులు అచ్చు వేసి ఉంటాయి. వాటిలో దేనికీ గుర్తు లేదు. 'ఇతరం' అన్నచోట నీలం పెన్నుతో 'వద్దు కాబట్టి' అని ఉంది. పట్టికలో రెండు సున్నాలు, ఎనిమిది 'గ', ఒక 'కా', పద్నాలుగు సున్నాలు. ఆ తర్వాత చివరిదాకా, ముప్పై అయిదు గడుల్లోనూ నాలుగు అంకె.

అది ఫిబ్రవరి పదిహేడున చదివాను. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నేను వదిన ముఖం చూడలేదు. ఆమె చూసిందేమో తెలియదు. ఇప్పుడా ఫారం నా మంచం కింద రేకు పెట్టెలో ఉంది. తాళంచెవి నా మెడలో ఉంది. అన్నయ్య మంచానికీ ఆ పెట్టెకీ మధ్య ఒక గోడ.

*

వీధి మొదట్లో ఒకటే మందుల షాపు. దాని యజమానిని అందరూ ప్రెసిడెంటు అంటారు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఆయనే ఒప్పుకున్నాడు. మార్చి మూడో వారంలో అమ్మకి బీపీ మాత్రలు కొనడానికి వెళ్లాను. షాపులో ఇంకా ముగ్గురున్నారు.

"రావమ్మా సర్వేయమ్మా. మీ దుకాణం మూసేశారటగా?"

"ఆపారండి."

"ఆపక చస్తారా? బీద దేశాల్లో పిల్లల్ని పుట్టకుండా చేయడానికి మా డబ్బు పోతోందని, డబ్బిచ్చినవాడే టీవీలో చెప్పాడు. దొంగే ఒప్పుకున్నాక ఇంకా సాక్షులెందుకు?"

"మేం అడిగామండీ. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు."

"అడగడమెందుకంట? నా ఇంట్లో ఎంతమంది పుట్టాలో వాళ్లకెందుకు? ఎవరు ఏం మింగుతున్నారో, ఎవరు ఎక్కడ ఏం తీయించుకున్నారో పేర్లతో సహా రాసుకున్నారు. ఆ కాగితాలు మీ ఇంట్లోనే ఉన్నాయట."

"ఎవరన్నారండీ?"

"మీ అమ్మగారే."

ఇంటికొచ్చి అమ్మని అడిగాను.

"ఏం, చెబితే తప్పా? కాగితాలు ఇంట్లోనే పెట్టుకోమని ఇచ్చారంటే నా కూతురి మీద ఎంత నమ్మకం ఉండాలి! నలుగురికీ తెలియొద్దూ?" అంది అమ్మ.

మర్నాటినుంచి ఆడవాళ్లు మొదలుపెట్టారు. కుళాయి దగ్గర ఒకావిడ నా బిందె పక్కన తన బిందె పెట్టి, నీళ్ల వైపు చూస్తూ, "నాది కొట్టెయ్. ఆ రెండో ఏడు గడి" అంది. మూలింటావిడ ఉప్పు కావాలని వచ్చి, ఉప్పు మరిచిపోయి వెళ్లింది. మా వీధిలో ఉండే టీచరు స్కూలు నుంచి వస్తూ ఆగి, "పేర్లు మొదటి పేజీలోనేగా ఉంటాయి? ఆ పేజీ చింపేస్తే?" అని అడిగింది.

నేనూ అదే అనుకున్నాను. లెక్కలన్నీ ఎక్కించాక మొదటి పేజీని చింపి నాశనం చేయడం హెడ్డాఫీసులో ఎలాగూ ఉన్న పద్ధతే. కొంచెం ముందే చేస్తే సరిపోతుంది. ఆ సాయంత్రం వదిన దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఆ మాట పైకే అన్నాను. ఆమె పాప గౌను దులిపి, క్లిప్పు పెట్టి, ఇంకో క్లిప్పు తీసుకుంది.

"లోపల పిల్లల పుట్టిన తేదీలున్నాయిగా. నెల, సంవత్సరం. సొంత పిల్లల తేదీలు చూసి తండ్రి గుర్తుపట్టడా?" అంది.

రెండో క్లిప్పు కూడా పెట్టి లోపలికి వెళ్లింది.

*

మార్చి ఇరవై తొమ్మిది, ఆదివారం. అన్నయ్య ట్యాంకరు వెనక కూర్చుని గొట్టం బిగిస్తున్నాడు. స్పానరు అందివ్వమని నన్ను పిలిచాడు. స్పానరు ఆయన కాలి దగ్గరే ఉంది.

"ఆ పెట్టె తాళం ఇటివ్వు, చెల్లీ."

"ఎందుకన్నయ్యా?"

"ఒక్కటి చూస్తాను. మా ఆవిడది. మిగతావాళ్ల గోల నాకెందుకు?"

"ఎవరిదీ ఎవరికీ చూపించకూడదు."

"నువ్వు చూశావా?"

"అది నా పని."

"అయితే నోటితో చెప్పు." గొంతు తగ్గించాడు. "తను రెండేళ్లుగా ఆ కషాయం తాగుతోంది. లోపం నాలో ఉందేమోనని పట్నం పెద్దాసుపత్రిలో రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాను. అమ్మకి తెలీదు, తనకీ తెలీదు. రెండుసార్లూ బాగానే ఉందన్నారు. మరి ఆ కాగితంలో ఏదైనా ఉంటే నాకు తెలియాలా, వద్దా?"

"వదినని అడుగు."

"అడిగితే చెప్పేదైతే నిన్నెందుకడుగుతాను?"

"ఎప్పుడైనా అడిగావా?"

ఆయన స్పానరు తీసుకుని గొట్టం వైపు తిరిగాడు. ఇటు చూడకుండానే అన్నాడు. "వచ్చే ఆదివారం కాకపోతే ఆపై ఆదివారం, వీధిలో మగాళ్లంతా ఆ కాగితాల కోసం మన ఇంటికొస్తారు. ప్రెసిడెంటు అందరికీ చెప్పాడు. అప్పుడు నేను గడప బయట ఉండాలో లోపల ఉండాలో నువ్వే చెప్పు."

*

దారి చూపించింది ఇస్త్రీ అక్క. మా వీధి చివర బండి మీద ఇస్త్రీ చేస్తుంది. ఆ ముప్పైలో ఆమె కూడా ఉంది. బట్టలు తీసుకోవడానికి వెళితే ఇస్త్రీపెట్టెలో నిప్పులు కుదుపుతూ అడిగింది.

"ఆ కాగితాలు ఎవరివి?"

"సర్వేవి."

"మాటలు మావీ, కాగితాలు సర్వేవీనా? బాగుందమ్మా న్యాయం."

"ఏం చేయమంటావు అక్కా? తగలబెడితే పొగ చూసి ఇంకా అనుమానపడతారు. చింపితే ముక్కలు ఏరుకుంటారు."

"ఎవరివి వాళ్లకిచ్చెయ్. నువ్వు ఇంటింటికీ తిరిగితే పట్టుకుంటారు. నేను రోజూ తిరుగుతాను, నన్ను కన్నెత్తి కూడా ఎవడూ చూడడు." దుప్పటి ఒకటి తీసి నాలుగు మడతలు వేసి చూపించింది. "మగాళ్లు బీరువా తీస్తారు, జేబులు వెతుకుతారు. దుప్పటి మడత విప్పిన మగాణ్ణి నేనింతవరకు చూడలేదు."

"నువ్వు చదివితే?"

"నాకు చదువొస్తే ఈ బండి దగ్గర ఎందుకుంటాను?"

ఏప్రిల్ ఆరు, సోమవారం మొదలుపెట్టాం. రోజుకి ఆరు ఇళ్లు. ఉదయం నేను బట్టల మూటలో ఫారాలు తీసుకెళ్లి, ఏది ఎవరిదో చెప్పి ఇచ్చేదాన్ని. సాయంత్రానికి అవి దుప్పట్లలో ఇళ్లకి చేరేవి. 'దుప్పటి నువ్వే విప్పుకో' అన్న మాట కుళాయి దగ్గర ముందే అందేది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

మూడో రోజు ఒక్కటి తప్పింది. టీచరు ఇంటికి వెళ్లిన దుప్పటిని తలుపు దగ్గర ఆమె భర్త అందుకున్నాడు. ఆయన మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చాడు. దుప్పటి మడత విప్పకుండానే తలకింద పెట్టుకుని హాల్లో నేలమీద పడుకున్నాడు. టీచరు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. రెండు గంటల పది నిమిషాలు కూర్చుంది. ఆయన నిద్రలేచి, "ఈ ఇస్త్రీ ఏమిటి, గంజి మరీ ఎక్కువ పెట్టింది, తలకింద అట్టలా ఉంది" అని చెప్పి ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు.

శుక్రవారానికి ఇరవై తొమ్మిది అయ్యాయి. పందొమ్మిదోది మిగిలింది.

శనివారం సాయంత్రం వదిన ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. అమ్మ పాపని తీసుకుని పక్కింటికి వెళ్లింది. ఫారం తెచ్చి ఇచ్చాను.

"ఇది నీది."

ఆమె దాన్ని విప్పలేదు. తడి చేయి తుడుచుకుని తీసుకుంది.

"సాయంత్రం మీ ఆడపడుచే ఇది చదువుతుంది, అభ్యంతరమా అని ప్రశ్నలడగడానికొచ్చిన ఆ పొడుగమ్మాయి ముందే అడిగింది" అంది.

"మరి ఎందుకు చెప్పావు?"

"అడిగింది కాబట్టి. పెళ్లయి ఏడేళ్లు. 'ఎప్పుడు?' అని వీధంతా అడిగారు. 'కావాలా?' అని అడిగింది ఆ అమ్మాయి ఒక్కతే."

"నాతో చెప్పాల్సింది వదినా."

"నీతో చెప్పినట్టేగా. రెండు నెలలైంది. నువ్వేమైనా అంటావేమోనని చూస్తున్నాను."

"జాగ్రత్తగా దాచుకో. రేపు వాళ్లొస్తారు" అన్నాను.

"దీన్ని ఫ్యాక్టరీలో నా బాబిన్ల సొరుగులో పెడతాను. రేపటికి మాత్రం పాప స్కూలు సంచిలో ఉంటుంది." ఫారాన్ని మడిచింది. "మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి నెలనెలా తెల్ల వ్యాను వచ్చేది, నర్సుతో. మార్చి నుంచి రావడం లేదు."

"తెలుసు. అదీ ఆ డబ్బుతోనే నడిచేది" అన్నాను.

*

ఏప్రిల్ పన్నెండు, ఆదివారం, ఉదయం పదిన్నరకి ఏడుగురు వచ్చారు. ప్రెసిడెంటు ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. అన్నయ్య గడప మీద నిలబడ్డాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వదిన గదిలో పాపకి జడ వేస్తోంది. స్కూలు సంచి ఆమె మోకాలి పక్కనే ఉంది.

"మాకు ఎవరిమీదా కోపం లేదమ్మా. మా కాగితాలు మాకు కావాలి" అన్నాడు ప్రెసిడెంటు.

"మీ కాగితాలు లేవండీ. మేం మగవాళ్లని అడగలేదు."

ఒకాయన నవ్వబోయి ఆగాడు.

"మాటలొద్దు. పెట్టె తెరువు."

నేను అన్నయ్య వైపు చూశాను. ఆయన నేల వైపు చూశాడు. పెట్టె బయటికి లాగి తాళం తీశాను. అందులో నా సర్టిఫికెట్లు, రెండు జతల పాత బట్టలు, ఆరు ఎర్ర పెన్నులు ఉన్నాయి.

"కాగితాలేవీ?"

"చేరాల్సిన చోటికి చేరాయి."

"హెడ్డాఫీసుకా? రసీదేది?"

నేను పెట్టె మూత వేశాను. ప్రెసిడెంటు లేచి, పరుపు ఎత్తి చూడమని ఒకాయనకి సైగ చేశాడు. అప్పుడు అమ్మ వంటగదిలోంచి వచ్చింది.

"పరుపు ఎత్తుతారా? ఎత్తండి. నా మంచం కూడా ఎత్తండి. అక్కడ నేనున్నాను, నన్నూ అడగండి. నేను కన్నది ఆరుగురిని. మిగిలింది ఈ ఇద్దరు. అప్పుడు ఏ సర్వేవాడూ రాలేదు, ఏ ప్రెసిడెంటూ రాలేదు. నాలుగో కాన్పుకి నేను చావుబతుకుల్లో ఉంటే మీ నాన్న అప్పుడు ఆ మందుల షాపులోనే కూర్చున్నాడు. సాయంత్రం అయిందని షట్టరు దించుకుని వెళ్లాడు. నీకు గుర్తుండదులే, నిక్కర్లేసుకునేవాడివి."

పరుపు పట్టుకున్నాయన చేయి వదిలేశాడు. టీచరు భర్త, "పోనిద్దురూ, పెట్టె చూశాంగా" అన్నాడు. వాళ్లు పన్నెండు నిమిషాలున్నారు. వెళ్లాక అమ్మ కుర్చీని తడిగుడ్డతో తుడిచింది. కాసేపటికి వదినకి కషాయం గ్లాసు అందించింది. వదిన తాగింది.

ఆ రోజు మేం గెలిచామనుకున్నాను.

*

జూన్ ఎనిమిది, సోమవారం, ఉదయం. వదిన కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని, బాక్సు సర్దుకుని, ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆమె వీధి మలుపు తిరిగేలోగా అమ్మ నాలుగిళ్లకి చెప్పేసింది. పదింటికి అన్నయ్య వచ్చాడు. పాపని ఎత్తి ట్యాంకరు బానెట్ మీద కూర్చోబెట్టాడు. ఆయన అంతలా నవ్వడం నేను రెండేళ్లలో చూడలేదు.

సాయంత్రం ఆరూ ఇరవైకి వదిన తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండానే వరండాలో అన్నయ్య ముందు నిలబడి, సంచిలోంచి ఫారం తీసి ఇచ్చింది. దాని అంచున మిషను నూనె మరక ఉంది.

"ముందు ఇది చదువు. సంతోషం తర్వాత."

అన్నయ్య దాన్ని తీసుకుని ట్యాంకరు క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. నలభై నిమిషాలు దిగలేదు. దిగి నా దగ్గరికి వచ్చాడు, వదిన దగ్గరికి కాదు.

"నాలుగంటే ఏమిటి?"

"పక్కనే రాసుంది."

"నువ్వు చెప్పు."

"మాత్రలు."

"ముప్పై అయిదున్నాయి."

"అవును."

"నీకు ఫిబ్రవరి నుంచి తెలుసు."

"తెలుసు."

"ఆ ముప్పై అయిదు నెలల్లోనే నేను రెండుసార్లు పరీక్షకెళ్లాను" అన్నాడు. ఫారం నా చేతిలో పెట్టి, ట్యాంకరు తీసుకుని వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు నీళ్ల డిపోలోనే పడుకున్నాడు. ఎండలకి ట్రిప్పులెక్కువని అమ్మ అందరికీ చెప్పింది. ఆమె నమ్మింది కూడా.

ఆ తొమ్మిది రోజుల్లో ఒకసారి వదినని అడిగాను. "నీ మాత్రలు ఎప్పుడయిపోయాయి?"

"ఏప్రిల్ ఆరున. పక్క మిషనావిడ పదకొండు ఇచ్చింది. పదిహేడుతో అవీ అయిపోయాయి. ఫ్యాక్టరీ దగ్గర షాపులో వ్యాను ఆగిన వారానికే స్టాకు లేదు. మన వీధిలో కొనడమంటే మైకులో చెప్పినట్టేగా."

"నాకు చెబితే పట్నం వెళ్లి తెచ్చేదాన్ని."

"చెప్పానుగా, వ్యాను రావడం లేదని."

ఆ శనివారం ఫారం చేతికిచ్చినప్పుడు ఆమె దగ్గర ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి. ఆ పట్టికని నేను మూడుసార్లు సరిచూశాను. అందులో ఆఖరి గడి ఫిబ్రవరి. తర్వాతి నెలకి గడి లేదు.

*

జూన్ పదిహేడు, ఉదయం ఏడింటికి అన్నయ్య వచ్చాడు. వదిన బాక్సు పట్టుకుని గేటు దాకా వెళ్లింది. నేను వరండాలో పాపకి బూట్లు తొడుగుతున్నాను. అన్నయ్య ట్యాంకరు ఇంజను ఆపకుండానే దిగాడు. మళ్లీ ఏమనుకున్నాడో వెనక్కి ఎక్కి ఇంజను ఆపాడు.

"నీకేం కావాలి?" అని అడిగాడు.

వదిన బాక్సు గోడమీద పెట్టింది.

"అందులో రాసిందే."

పక్కనుంచి పాల బండి వెళ్లింది.

"రేపు నీళ్లు వేయను. తొమ్మిదికి బయల్దేరదాం" అన్నాడు అన్నయ్య.

పట్నం పెద్దాసుపత్రి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఖాళీ ట్యాంకరులో వెళ్లారు. అక్కడ గోడమీద, భర్త సంతకం అవసరం లేదని పెద్ద అక్షరాలతో ఉందట. కౌంటరులో భర్త సంతకం అడిగారట. వదిన బోర్డు చూపించింది. "బోర్డు బోర్డే, రూలు రూలే అమ్మా" అన్నాడట గుమస్తా. అన్నయ్య సంతకం పెట్టాడు. ఇదంతా వదిన తర్వాత చెప్పింది. సాయంత్రం అయిదూ నలభైకి తిరిగొచ్చారు.

నిలవలేదని అన్నయ్య అమ్మకి చెప్పాడు. అమ్మ ఏడ్చింది. మూడు రోజులు వదినని మంచం దిగనివ్వలేదు. నాలుగో రోజు వదిన లైనుకి వెళ్లింది.

సెప్టెంబరు ఒకటిన ఆమెని లైను సూపర్‌వైజరు చేశారు. ఆ నెలలోనే అన్నయ్య జూన్ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "జాకీ పట్టుకో" అన్నాడు.

నవంబరులో వేరే చోటినుంచి డబ్బొచ్చి సర్వే మళ్లీ మొదలైంది. మా సర్వే సూపర్‌వైజరు ఇంటికొచ్చి నలభై ఏడో కట్ట అడిగాడు. ఫారాలు ఎవరివి వారికి తిరిగి ఇచ్చానని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "కళ్లు మూసుకుని దిద్దమన్నానుగా అమ్మా" అన్నాడు. నన్ను మళ్లీ తీసుకోలేదు.

పుస్తకం ఆ తర్వాతి ఏడు వచ్చింది. ఎంచుకున్న క్లస్టర్లు నాలుగు వందల పన్నెండు, లెక్కలోకి తీసుకున్నవి నాలుగు వందల పదకొండు. మాత్రలు కావాలనుకుని దొరకనివారి శాతం అరవై రెండో పేజీలో ఉంది. మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అన్న వరసలో మా జిల్లాకి సున్నా ఉంది.

ఆకుమందు ఆవిడ ఇప్పుడు పొడి ఇస్తోంది. లోపం ఎవరిదైనా ఫరవాలేదని అమ్మ ఇద్దరి చేతా తాగిస్తోంది. ఇద్దరూ వరండాలో నిలబడి తాగుతారు.

అన్నయ్య ఆపరేషన్ కార్డు మీద తేదీ అక్టోబరు ఇరవై రెండు, గురువారం. ఆసుపత్రి అదే. కార్డు వదిన బాబిన్ల సొరుగులో ఉంది.